ఇజాజతు నుండి పట్టా వరకు

ముస్లిం విద్యా చరిత్రలో యోగ్యతా పత్రం విలువ

తెలుగులో 'పట్టా' అనే మాటకు రెండు వాడుకలున్నాయి. రైతు ఇంట్లో ఇనుప పెట్టెలో దాచుకునే భూమి హక్కు పత్రం పట్టా. విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ఇచ్చే పత్రమూ పట్టాయే. ఈ పోలిక ఆలోచించదగినది. పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన పొలం పండదు. దున్నాలి, విత్తాలి, కలుపు తీయాలి. అలాగని పట్టా లేకుండా తరతరాలు సాగు చేసినవానికి, తీరా తగవు వచ్చిన నాడు ఆ చేను తనదని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. సాగు లేని పట్టా వట్టి కాగితం. పట్టా లేని సాగు నోరు లేని హక్కు.

అరబ్బీలో నేడు పట్టాకు వాడే మాట 'షహాదా'. దాని మూలార్థం సాక్ష్యం. ఫలానా వ్యక్తికి ఫలానా విద్య వచ్చునని మరొకరు లోకం ముందు చెప్పే సాక్ష్యమే పట్టా అన్నమాట. ఏ సాక్ష్యం విషయంలోనైనా అడగవలసిన ప్రశ్నలు మూడు. సాక్షి ఎవరు? అతడు దేనికి సాక్ష్యమిస్తున్నాడు? ఆ సాక్ష్యాన్ని అంగీకరించేవారు ఎవరు?

ఈ ప్రశ్నలు పండితుల కాలక్షేపానికి సంబంధించినవి కావు. మద్రసాలో ఏడెనిమిదేళ్లు చదివి, అరబ్బీ వ్యాకరణం, ఫిఖ్‌హ్, హదీసు, తఫ్సీరు నేర్చి, పెద్దల చేత తలపాగా చుట్టించుకొని వచ్చిన యువకుడు కళాశాల గుమ్మం ముందు నిలబడితే, అక్కడి గుమాస్తా అడిగేది ఒక్కటే: పదో తరగతి సర్టిఫికేటు ఉందా అని. ఆ యువకుని చేతిలో సనదు ఉంది. గురువుల సంతకాలున్నాయి. అయినా ఆ సాక్ష్యం ఆ గుమ్మం దగ్గర చెల్లదు. ఈ పరిస్థితి ఎలా ఏర్పడింది? దీనిని దాటినవారు ఎలా దాటారు? చరిత్ర దీనికి కొంత సమాధానం చెబుతుంది.

గురువు సాక్ష్యం

ఇస్లామీయ విద్యా చరిత్ర తొలి శతాబ్దాలలో విద్యాలయం ఇచ్చే పట్టా అనేది లేదు. విద్యార్థి ఒక గురువు వద్ద ఒక గ్రంథాన్ని ఆమూలాగ్రం వినేవాడు, లేదా తానే గురువుకు చదివి వినిపించేవాడు. అది పూర్తి అయిన పిమ్మట, ఈ గ్రంథాన్ని ఇతరులకు బోధించటానికి ఇతనికి అనుమతి ఇస్తున్నానని గురువు రాసి ఇచ్చేవారు. దానినే 'ఇజాజతు' అన్నారు. ఫిఖ్‌హ్ బోధించటానికి, ఫత్వా ఇవ్వటానికి కూడా ఇలాంటి ఇజాజతులు ఏర్పడ్డాయి.

నేటికీ గ్రంథాలయాలలో భద్రంగా ఉన్న పాత రాతప్రతులలో ఇందుకు నిదర్శనాలు కనిపిస్తాయి. గ్రంథం చివరనో, అంచులలోనో శ్రవణ పత్రాలు రాసి ఉంటాయి. బోధించిన గురువు పేరు, పఠించినవారి పేరు, కూర్చుని విన్నవారి పేర్లు, స్థలం, తేదీ అన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా ఆలస్యంగా వచ్చి కొంత భాగం వినకపోతే ఆ సంగతి కూడా దాపరికం లేకుండా రాసేవారు. నేటి హాజరు పట్టీలలో సైతం ఇంతటి నిజాయితీ అరుదు.

ఈ పద్ధతిలో సాక్షి ఒక వ్యక్తి. అతని సాక్ష్యం ఒక నిర్దిష్ట గ్రంథానికి సంబంధించినది. కనుకనే ఆనాడు విద్వాంసుణ్ణి 'ఎక్కడ చదివావు?' అని కాక 'ఎవరి వద్ద చదివావు?' అని అడిగేవారు. ఆ గురువు పురుషుడే కానక్కరలేదు. హిజ్రీ ఐదవ శతాబ్దంలో మర్వ్ ప్రాంతానికి చెందిన కరీమా (రహ్మలైహా) మక్కాలో ఉండి 'సహీహ్ బుఖారీ'ని బోధించారు. బాగ్దాదు చరిత్ర రాసిన మహా పండితుడు ఖతీబ్ బగ్దాదీ (రహ్మలై) హజ్జ్‌కు వచ్చినప్పుడు ఆమె వద్ద ఆ గ్రంథాన్ని ఐదు రోజులలో పఠించారని జీవిత చరిత్రకారులు రాశారు. ఆమెను విలువైన సాక్షిగా నిలిపింది ఏ విద్యాలయం పేరూ కాదు. ఆమె వద్ద ఉన్న ప్రతి నిక్కచ్చిదనం, ఆమెకు ఆ గ్రంథాన్ని అందించిన గురువు ప్రతిష్ఠ, ఈ రెండే.

అయితే ఈ పద్ధతికీ చెద పట్టకపోలేదు. క్రమంగా ముఖం కూడా చూడనివారికి ఉత్తరాల ద్వారా ఇజాజతులు పంపటం మొదలయింది. పసిపిల్లల పేరున తండ్రులు ఇజాజతులు తీసుకున్నారు. ఇంకా పుట్టని బిడ్డకు ఇజాజతు ఇవ్వవచ్చునా అని హదీసు పండితులు చర్చించవలసి వచ్చిందంటే సంగతి ఎంత దూరం పోయిందో ఊహించవచ్చు. కొందరు సరేనన్నారు, కొందరు గట్టిగా కాదన్నారు. చదువు లేని పత్రం అనే జబ్బు మన కాలంలో పుట్టినది కాదనీ, పత్రానికి గౌరవం పెరిగిన ప్రతి చోటా దాని వెంటే వచ్చినదనీ దీనివల్ల తెలుస్తున్నది.

మద్రసా, జీతం, పదవి

సల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ బాగ్దాదులో కట్టించిన నిజామియా మద్రసా హి.శ. 459లో, అనగా క్రీ.శ. 1067లో ప్రారంభమయింది. వక్ఫు ఆదాయంతో అధ్యాపకునికి జీతం, విద్యార్థులకు వసతి, భృతి ఏర్పాటయ్యాయి. బీదవాని కొడుకు తిండికి వెదుకులాడకుండా సంవత్సరాల తరబడి చదువుకొనే వీలు కలిగింది. ఇది చిన్న విషయం కాదు. ఐనా గమనించవలసినదేమంటే, అంతటి విద్యాలయంలో సైతం యోగ్యతా పత్రం మద్రసా పేరున వెలువడలేదు. గురువే తన పేరున రాసి ఇచ్చేవారు.

మార్పు మరో దిక్కు నుంచి వచ్చింది. మద్రసాలో ఫిఖ్‌హ్ చదివినవారికి ఖాజీ పదవి, ముఫ్తీ పదవి, వక్ఫుల అజమాయిషీ అందుబాటులోకి వచ్చాయి. చదువు జీవనోపాధికి దారి అయింది. ఇదే నిజామియాలో హి.శ. 484 (క్రీ.శ. 1091)లో ఆచార్య పీఠం అధిష్ఠించి, నాలుగేళ్లకే దానిని వదలి వెళ్లిన ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించారు. ఎన్నో పట్టణాలలో ముస్లిం వైద్యుడు ఒక్కడూ లేడనీ, వైద్యం నేర్చుకొనటం సమాజంపై ఉన్న సామూహిక విధి అయినా ఎవరికీ పట్టటం లేదనీ, అందరూ ఫిఖ్‌హ్ వైపే ఎగబడుతున్నారనీ ఆయన ఆవేదన చెందారు. వైద్యం వల్ల వక్ఫుల పెత్తనం, న్యాయాధికారం చేతికి రావు, ఫిఖ్‌హ్ వల్ల వస్తాయి, కారణం అదేనని ఆయన తేల్చి చెప్పారు.

ఇక్కడ గజాలీ ఫిఖ్‌హ్‌ను తక్కువ చేయలేదు. ఆయనే గొప్ప ఫిఖ్‌హ్ పండితుడు. సంపాదనను నిషేధించలేదు. ఏ చదువు చదవాలి అని నిర్ణయించుకొనేటప్పుడు సమాజపు అవసరాన్ని కొలమానంగా పెట్టుకున్నావా, లేక పదవి గుమ్మాన్నే చూస్తున్నావా అని అడిగారు. నేడు ఇంటర్మీడియెట్ గ్రూపు ఎన్నుకొనే ప్రతి ఇంటిలోనూ ఈ ప్రశ్న సజీవంగానే ఉంది.

న్యాయస్థానం మారింది

భారతదేశంలో మద్రసాల పాఠ్యక్రమంగా పేరు పొందిన 'దర్సె నిజామీ'ని రూపొందించినవారు లక్నో ఫరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (రహ్మలై). ఆయన 1748లో మరణించారు. బాగ్దాదు నిజామియాకు గాని, హైదరాబాదు నిజాములకు గాని ఈ పేరుతో సంబంధం లేదు. ఈ పాఠ్యక్రమంలో అరబ్బీ వ్యాకరణం, ఫిఖ్‌హ్‌లతో పాటు తర్కం, తత్త్వశాస్త్రం, గణితం కూడా ఉండేవి. ఇది చదివి ఫార్సీలో చేయి తిరిగినవాడు మసీదులో ఇమాముగా నిలువగలడు, కచేరీలో ఖాజీగానూ కూర్చోగలడు. ధార్మిక విద్య వేరు, లౌకిక విద్య వేరు అన్న విభజన అప్పటికి లేదు.

1780లో కలకత్తా మద్రసాను వారన్ హేస్టింగ్స్ స్థాపించినదీ ఈ అవసరం కొరకే. కంపెనీ న్యాయస్థానాలకు ముస్లిం ధర్మశాస్త్రం, ఫార్సీ తెలిసిన అధికారులు కావాలి. ఆనాటికి మౌల్వీ విద్యకు బజారులోనూ, దర్బారులోనూ విలువ ఉంది.

1837 మొదలు ముప్పై ఏళ్లు తిరగకుండానే అంతా తారుమారయింది. 1837లో కచేరీలలో ఫార్సీ స్థానం పోయేందుకు చట్టం వచ్చింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వోద్యోగాలలో ఆంగ్ల విద్యావంతులకు ప్రాధాన్యం ప్రకటించారు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడి ప్రవేశ పరీక్షలు పెట్టసాగాయి. 1864లో బ్రిటిషు న్యాయస్థానాలలో ముస్లిం న్యాయాధికారుల పదవులు రద్దయ్యాయి.

ఈ కాలంలో మౌల్వీల పాండిత్యం ఒక్క వీసమెత్తు తగ్గలేదు. గురువుల సంతకాలు చెరిగిపోలేదు. ఆ సాక్ష్యాన్ని స్వీకరించే న్యాయస్థానం మారిపోయింది, అంతే. సాక్షి గురువు కాదు, విశ్వవిద్యాలయం. సాక్ష్యం ఒక గ్రంథానికి కాదు, ఒక పరీక్షకు. ఆ పరీక్షకు సిద్ధం కావాలంటే ఇరవయ్యవ ఏట ఆలోచిస్తే సరిపోదు; పదేళ్ల వయసులోనే ఇంగ్లీషు అక్షరాలు దిద్దాలి. 'కళాశాలకు సిద్ధం కావటం' అనే మాటకు మనదేశంలో ఈనాటి అర్థం ఏర్పడింది అప్పుడే.

దేవ్‌బంద్ ఆశించినది

ఈ సంక్షోభానికి రెండు సమాధానాలు వచ్చాయని సాధారణంగా చెబుతారు: 1866లో దేవ్‌బంద్ దారుల్ ఉలూం, 1875లో అలీగఢ్ పాఠశాల, రెండేళ్లలో దాని నుండి ఎదిగిన కళాశాల. ఒకటి పట్టాకు వీపు పెట్టిందనీ, రెండవది పట్టాకు ఎదురు వెళ్లిందనీ ఒక వాడుక. అలీగఢ్ మాటెలా ఉన్నా, దేవ్‌బంద్ విషయంలో ఇది పూర్తిగా సరి కాదు.

దేవ్‌బంద్ సంస్థాపకులలో ప్రముఖులైన మౌలానా ఖాసిం నానౌతవీ (రహ్మలై) 1874లో జరిగిన ఒక సభలో తమ పాఠ్యక్రమాన్ని గూర్చి వివరణ ఇచ్చారు. ప్రభుత్వ పాఠశాలల్లో నవీన శాస్త్రాలు ఎలాగూ బోధింపబడుతున్నాయనీ, ఒకే కాలంలో అన్నీ నేర్పబోతే ఏదీ పట్టుబడదనీ, మద్రసా చదువు ముగించినవారు ఆ తరువాత ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి నవీన శాస్త్రాలు నేర్చుకుంటే అది వారి యోగ్యతకు మరింత వన్నె తెస్తుందనీ ఆయన భావం. ఈ ప్రసంగాన్ని నానౌతవీ జీవిత చరిత్రలో ఎత్తి చూపినవారు మౌలానా మనాజిర్ అహసన్ గిలానీ. ఆయన దేవ్‌బంద్‌లో చదివి, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం బోధించినవారు. రెండు గట్లూ ఎరిగిన మనిషి కనుకనే ఆ వాక్యాల విలువ ఆయనకు తెలిసింది.

కాని ఆ ఆశయం ఎక్కువ మంది విషయంలో ఆశయంగానే మిగిలింది. మద్రసా ముగిసేసరికి విద్యార్థి వయసు ఇరవై దాటుతుంది. ఆ వయసులో పసివాళ్ల బెంచీ మీద కూర్చొని ఇంగ్లీషు, గణితం మొదలుపెట్టటానికి ఎందరికి మనసొప్పుతుంది? అప్పటికి ఇంట్లో తల్లిదండ్రులు సంపాదన కొరకు ఎదురు చూస్తుంటారు. రెండు గట్లకూ మంచి కోరినవారున్నారు. మధ్య వంతెన కట్టే పని మాత్రం ఎవరికీ అప్పగింపబడలేదు.

ప్రాచ్య పరీక్షల ఇరుకు దారి

ఒక చిన్న వంతెనను విశ్వవిద్యాలయాలే కట్టాయి. 1882లో లాహోరులో ఏర్పడిన పంజాబు విశ్వవిద్యాలయం మౌల్వీ ఫాజిల్, మున్షీ ఫాజిల్ వంటి ప్రాచ్య పరీక్షలు నిర్వహించింది. వాటిలో ఉత్తీర్ణులైనవారు కాలక్రమంలో ఇంగ్లీషు పరీక్ష మాత్రం రాసి బి.ఏ. పొందే వీలు కూడా ఏర్పడింది. రాజమార్గాన పోకుండా చుట్టు తిరిగి వచ్చిన ఆ పట్టాను ఉత్తరాది వారు రైలు భాషలో 'వయా భటిండా' బి.ఏ. అని ఎగతాళి చేశారు. ఎగతాళి సరే, ఆ చుట్టుదారి లేకపోతే ఊరు చేరనివారు ఎందరో ఉన్నారు.

మద్రాసు విశ్వవిద్యాలయం కూడా ఇలాంటి బిరుదు పరీక్షలు పెట్టింది. తెలుగు పాఠకులకు 'విద్వాన్' పరీక్ష సుపరిచితమే. ఒక తరం తెలుగు పండితులు దాని ఆధారంగానే ఉన్నత పాఠశాలల్లో ఉద్యోగాలు చేశారు. సంస్కృతంలో 'శిరోమణి', అరబ్బీలో 'అఫ్జలుల్ ఉలమా' ఆ కుదురుకు చెందినవే. పాఠశాల పండితుడు, మద్రసా ఆలిమ్ ఒకే విశ్వవిద్యాలయం ముద్ర కొరకు ఒకే విధంగా పరీక్షకు కూర్చున్న కాలమది.

ఈ దారిన నడచి చాలా దూరం వెళ్లిన తెలుగుసీమ ముస్లిం కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హఖ్. ఉర్దూ ఉద్యమ నాయకుడు మౌల్వీ అబ్దుల్ హఖ్ వేరు, ఈయన వేరు. ఆక్స్‌ఫర్డ్ నుండి డాక్టరు పట్టా పొందినా, మద్రాసులో ప్రభుత్వ కళాశాలలకు ప్రిన్సిపాలుగా పనిచేసినా, ఆయన పేరు చివరి వరకు 'అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్' గానే నిలిచింది. డాక్టరు అనే మాటకు ముందు అఫ్జలుల్ ఉలమా ఉండటాన్ని గమనించాలి. పెద్ద పట్టా వచ్చిందని మొదటి పట్టాను ఆయన విడిచిపెట్టలేదు.

తాను దాటిన వాగు మీద ఇతరులకు వంతెన వేయటం ఆయన జీవితంలో ముఖ్య ఘట్టం. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల ఆయన కృషి ఫలితంగా ఏర్పడింది. రాయలసీమ ముస్లిం కుటుంబాల పిల్లలు చదువు కొరకు మద్రాసుకో, హైదరాబాదుకో పోవలసిన అవసరం దానితో చాలా వరకు తగ్గింది. ఇతర మతాల విద్యార్థులకూ అది విద్యాలయమయింది. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది.

హైదరాబాదు ప్రయోగం

హైదరాబాదు సంస్థానంలో కథ మరో విధంగా నడిచింది. మొదటి సాలార్ జంగ్ కాలంలో నెలకొన్న దారుల్ ఉలూం విద్యార్థులు పంజాబు విశ్వవిద్యాలయం వారి ప్రాచ్య పరీక్షలకు కూర్చునేవారు. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అంటే సంస్థానంలో చదివినవానికి సాక్ష్యం లాహోరు నుండో, మద్రాసు నుండో రావాలి. స్వంత గడ్డ మీద సాక్షి లేడు.

1917లో అక్బర్ హైదరీ సమర్పించిన నివేదికను ఆమోదించి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పి పట్టా ఇవ్వటం భారతదేశపు నవీన విశ్వవిద్యాలయాలలో అదే మొదటిసారి. ఇంగ్లీషును విస్మరించలేదు, దానిని నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచి, బోధన మాత్రం ఉర్దూలో జరిపారు.

పట్టా ప్రకటించటం సులువు. దాని వెనుక పుస్తకం ఉండాలి. అందుకే విశ్వవిద్యాలయం తరగతుల కంటే ముందే, 1917లోనే, అనువాద శాఖ 'దారుత్తర్జుమా' వెలిసింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి అధిపతి. చరిత్ర, గణితం, భౌతిక శాస్త్రం, వైద్యం, న్యాయశాస్త్రం ఉర్దూలోకి తెచ్చారు. పారిభాషిక పదాల నిర్మాణానికి సంఘాలు కూర్చొని ఒక్కొక్క మాట మీద వాదించుకొనేవి. ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేసిన వహీదుద్దీన్ సలీం ఈ పదనిర్మాణ విధానం మీద ఒక గ్రంథమే రాశారు. ఒక భాష పట్టాకు విలువ కట్టేది ఆ భాషలోని పుస్తకాలేనని ఈ ప్రయత్నం నిరూపించింది. అర్ధ శతాబ్దం తరువాత తెలుగు మాధ్యమంలో కళాశాల చదువు వచ్చినప్పుడు 1968లో తెలుగు అకాడమీ ఏర్పాటు చేయవలసి వచ్చినదీ ఈ కారణం చేతనే.

ఈ ప్రయోగానికి ఒక పరిమితి ఉన్నదని ఒప్పుకోవాలి. సంస్థానంలో అధిక సంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. వరంగల్లు పల్లెలోని తెలుగు బాలునికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. ఒకరికి గుమ్మం దగ్గర చేసిన మాధ్యమం మరొకరికి మరో మెట్టు అయింది. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది.

మద్రసా విద్య, విశ్వవిద్యాలయ విద్య ఒకే మనిషిలో ఎలా కలవగలవో చూపిన ఉస్మానియా విద్యార్థి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మలై). 1908లో హైదరాబాదులో జన్మించిన ఆయన, మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియాలో చదివారు. ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై పరిశోధనకు 1933లో జర్మనీలోని బాన్ నుండి, దైవప్రవక్త (స), ఖలీఫాల కాలపు దౌత్య విధానంపై పరిశోధనకు 1935లో పారిస్‌లోని సోర్బాన్ నుండి డాక్టరు పట్టాలు పొందారు. ఐరోపా పరీక్షకుల ముందు ఆయన పెట్టిన సరుకు మద్రసాలో నేర్చిన సీరా, హదీసు, ఫిఖ్‌హ్. దానిని అమర్చిన పద్ధతి విశ్వవిద్యాలయంలో నేర్చినది. ఒకటి లేకపోతే రెండవది అక్కరకు వచ్చేది కాదు.

పట్టాను కాదనుకున్నవారు

పట్టా విలువను గూర్చి మాట్లాడేటప్పుడు దానిని తెలిసి తెలిసి వదులుకున్నవారిని మరువరాదు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమయింది. ప్రారంభించినవారు దేవ్‌బంద్ తొలి విద్యార్థి మౌలానా మహమూద్ హసన్ (రహ్మలై). సహాయ నిరాకరణ పిలుపునకు స్పందించి, ప్రభుత్వం గుర్తించిన కళాశాలను వదలి, గుర్తింపు లేని ఈ విద్యాలయంలో చేరిన యువకులలో జాకిర్ హుసేన్ ఒకరు. ఆయన పుట్టినది హైదరాబాదులో. బెర్లినులో డాక్టరు పట్టా పొంది 1926లో తిరిగి వచ్చి జామియా పగ్గాలు చేపట్టారు. ఇరవై సంవత్సరాలు, నెలకు 150 రూపాయలకు మించని జీతంతో సేవ చేస్తామని ఆయనా, ఆయన సహచరులూ ప్రతిజ్ఞ పట్టారు. ఆయనే 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు.

అయితే జామియా కూడా కలకాలం గుర్తింపు లేకుండా ఉండలేదు. 1962లో విశ్వవిద్యాలయంతో సమాన హోదానూ, 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదానూ స్వీకరించింది. పరాయి పాలకుని ముద్రను నిరాకరించటం త్యాగం. స్వతంత్ర దేశంలో పేద విద్యార్థిని ముద్ర లేకుండా నిలబెట్టటం త్యాగం కాదు. ఆ నష్టం నిర్ణయించినవారిది కాదు, ఆ విద్యార్థిది.

నేటి గుమ్మం

2006 నవంబరులో వెలువడిన సచార్ సంఘం నివేదిక ప్రకారం ఇరవై ఏళ్లు పైబడిన భారతీయులలో డిగ్రీ గాని, డిప్లొమా గాని ఉన్నవారు సుమారు 7 శాతం కాగా, ముస్లింలలో వారు 4 శాతానికి లోపే. మద్రసా పట్టాలకు తత్సమాన గుర్తింపు ఇచ్చి ఉన్నత విద్యలో ప్రవేశం కల్పించే ఏర్పాటు ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. కొన్ని విశ్వవిద్యాలయాలు కొన్ని మద్రసాల సనదులను కొన్ని కోర్సుల ప్రవేశానికి గుర్తిస్తున్నాయి. 1998లో హైదరాబాదులో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, అలీగఢ్ విశ్వవిద్యాలయం మద్రసా విద్యార్థుల కొరకు వంతెన కోర్సులు నడిపాయి. ఇవి స్వాగతించదగినవే.

కాని గుర్తింపునకు ఒక హద్దు ఉందని 2024 నవంబరు 5న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు స్పష్టం చేసింది. ఉత్తర ప్రదేశ్ మద్రసా విద్యా బోర్డు చట్టాన్ని కోర్టు సమర్థించింది. అయితే ఆ బోర్డు ఇచ్చే కామిల్, ఫాజిల్ అనే ఉన్నత పట్టాల మేరకు చట్టం చెల్లదన్నది. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ, తత్సమాన సంస్థలకూ మాత్రమే ఉండటమే కారణం. కామిల్ చదివినవాని చదువు తక్కువని కోర్టు అనలేదు. ఆ చదువుకు డిగ్రీగా సాక్ష్యమిచ్చే అధికారం ఆ బోర్డుకు లేదన్నది. 1837 తరువాత ఏర్పడిన చిక్కే మరో రూపంలో మళ్లీ ఎదురయింది.

కాబట్టి గుర్తింపు వస్తుందని ఎదురు చూస్తూ కూర్చొనటం కంటే సిద్ధం కావటం మేలు. నానౌతవీ ఆశించిన వంతెనకు నేడు సామగ్రి సమకూరి ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ 1989 నుండి నడుస్తున్నది. పదునాలుగేళ్లు నిండినవారు బడికి పోకపోయినా దాని పదో తరగతి పరీక్షకు నమోదు కావచ్చు. అది ముగిస్తే ఇంటర్మీడియెట్‌కు సమానమైన పరీక్షకు కూర్చోవచ్చు. ఉర్దూ మాధ్యమం కూడా ఉంది. తెలుగు రాష్ట్రాలకు స్వంత సార్వత్రిక పాఠశాలలు ఉన్నాయి. మద్రసా విద్యార్థి పదునాలుగో ఏట ఇందులో చేరి, రోజుకు గంటో, రెండు గంటలో గణితం, ఇంగ్లీషు, సైన్సు చదివితే, తలపాగా చుట్టించుకొనే నాటికి అతని చేతిలో సనదుతో పాటు కళాశాల గుమాస్తా అడిగే కాగితమూ ఉంటుంది. అప్పుడు ఇరవై ఏళ్ల వయసులో పసివాళ్ల బెంచీ మీద కూర్చోవలసిన పని ఉండదు.

ఇందుకు మద్రసా కమిటీలు చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక గణితం ఉపాధ్యాయుణ్ణి, ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణి సాయంత్రం వేళ పిలిపించటం, పరీక్ష రుసుము కట్టడం, గడువు తేదీ మరువకుండా దరఖాస్తు పంపటం. తల్లిదండ్రులు చేయవలసింది, చదువు ముగిసిన తరువాత కాక, చదువు నడుస్తుండగానే ఈ సంగతి అడగటం. ఇక విద్యార్థి ఒక విషయం గుర్తుంచుకోవాలి. రెండవ కాగితం కొరకు మొదటి చదువును పైపైన ముగించినట్లయితే, ఆ నాటి పసిపిల్లల ఇజాజతులకూ అతని సనదుకూ తేడా ఉండదు. పాత గురువులు ఆలస్యంగా వచ్చినవాని పేరు పక్కన అతడు ఏ పుటలు వినలేదో రాసి పెట్టారు. ఇప్పుడు అలా రాసే గురువు లేకపోవచ్చు. వినని పుటల లెక్క విద్యార్థి తనకు తానే వేసుకోవాలి.